చెట్టుకున్న మాట మగవాడికి లేదు

అమరకోశం వనౌషధి వర్గంలో, కాయ కాయని చెట్టుకు చెప్పిన పేర్లలో వంధ్య శబ్దం ఒకటి. అక్కడ అది పుంలింగం. వృక్ష శబ్దానికి విశేషణం కనుక. మనుషుల దగ్గరికి వచ్చేసరికి వాడుకలో ఆ శబ్దం స్త్రీకే మిగిలిపోయింది. వంధ్య అంటే గొడ్రాలు. ఈ గొడ్రాలు అన్న మాటను నిఘంటువుల్లో వెదకనక్కరలేదు; పెళ్ళిపేరంటాలలో, నీళ్ళ రేవుల్లో, అత్తగార్ల నోళ్ళలో అది తరతరాలుగా నానుతూనే ఉన్నది. పిల్లలు కలుగని మగవాడికి మాత్రం జనం నోట నలిగిన మాట లేదు. ఉన్నదల్లా నపుంసకుడు అన్న మాట. అది వేరొక అర్థాన్ని చెప్పే శబ్దం. దాంపత్యానికి ఏ లోపమూ లేక, కేవలం బీజం చేరవలసిన చోటికి చేరక, సంతానం కలుగని పురుషుడిని ఏమనాలి? చెట్టుకున్న మాట మగవాడికి లేకపోయింది.

ముప్పై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాడిని కనుక, ఈ లోటును శబ్దచర్చగా ముగించి ఊరుకునేవాడినే. కాని ఒక మాట లేకపోవడం వల్ల ఒక కుటుంబానికి నష్టం జరగవచ్చునని ఈ మధ్య తెలిసివచ్చింది. అందుకే ఈ టపా. విషయం కొంత బిడియపడవలసినదే. అయినా బిడియపడుతూనైనా చదవండి.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రవాడు (కుర్రవాడంటే ఇప్పుడు ముప్పై రెండేళ్ళవాడు, పెళ్ళయి ఏడాది దాటింది) మాఘమాసంలో ఒకనాడు ఫోను చేశాడు.

“మాస్టారూ, ఒక ఇంగ్లీషు మాటకు తెలుగు కావాలండీ.”

నాకు సంతోషమే కలిగింది. కొన్నేళ్ళుగా నన్ను తెలుగు మాట అడిగినవారు లేరు. చెప్పు నాయనా అన్నాను. అతడు చెప్పలేదు. ఫోనుకు ఫోటో తీసి పంపాడు. అది శస్త్రచికిత్సకు ముందు సంతకం పెట్టించుకొనే అంగీకారపత్రం. నాలుగు పుటలు, సన్నని అక్షరాలు. మూడవ పుటలో, రక్తస్రావం, చీము, రక్తం గడ్డకట్టడం వగైరా పదిహేను ప్రమాదాల వరుసలో, పదకొండవ చోట రెండే మాటలు: రెట్రోగ్రేడ్ ఇజాక్యులేషన్.

“డాక్టరుగారిని అడగలేకపోయావా?” అన్నాను.

“పక్కన మా మామగారు కూర్చున్నారండీ” అన్నాడు.

ఈ ఒక్క వాక్యంలోనే మన సమస్తమైన ఆచారమూ ఉన్నది. అల్లుడికి నడుము ఆపరేషనని పిల్లనిచ్చిన మామగారు పనులు మానుకొని వచ్చారు. డబ్బు సర్దారు. ఆయన ఎదుట ఈ మాటకు అర్థమేమిటని అడిగే అల్లుడు తెలుగుదేశంలో ఎక్కడున్నాడు?

అతని వ్యాధి ఇది. నడుములో వెన్నుపూసలు ఐదు. అయిదవది దాని కింద ఉన్న త్రికాస్థి మీద నుంచి ముందుకు జారింది. కాలిలోకి దిగే నొప్పి రెండేళ్ళుగా మందులకూ వ్యాయామాలకూ లొంగలేదు. ఆ రెండు ఎముకలనూ ఒకటిగా అతికించాలన్నారు. అతికించడానికి వీపు వైపు నుంచి వెళ్ళే పద్ధతి ఒకటి, పొట్ట వైపు నుంచి వెళ్ళే పద్ధతి ఒకటి ఉన్నవి. ఇతనికి పొట్ట వైపు నుంచి అనుకున్నారు. అందులో తప్పేమీ లేదు. వీపు కండరాలు చెడవు, దెబ్బతిన్న డిస్కును పూర్తిగా తీసి పెద్ద దన్ను పెట్టవచ్చును. చిక్కంతా దారిలో ఉన్నది.

గుండె నుంచి దిగివచ్చిన మహాధమని నాలుగవ నడుము పూస దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, అయిదవ పూస ముందరి భాగం మీద, సాలెగూడు వంటి సన్నని నాడుల అల్లిక పరచుకొని ఉంటుంది. పొట్ట వైపు నుంచి ఆ డిస్కును చేరాలంటే ఈ అల్లికను పక్కకు జరపక తప్పదు. ఆ నాడులు చేసే పనులలో ఒకటి, స్ఖలన సమయంలో మూత్రాశయపు మెడను బిగించి ఉంచడం. గోదావరి కాలువల ఒడ్డున పెరిగినవారికి లాకుల సంగతి చెప్పనక్కరలేదు. ఒక తలుపు మూస్తేనే నీరు రెండో దారిన పోతుంది. ఇక్కడా అంతే. మెడ బిగిస్తేనే వీర్యం ముందుకు వస్తుంది. నాడులు దెబ్బతిని మెడ బిగియకపోతే అది వెనుకకు మళ్ళి మూత్రాశయంలో పడుతుంది. తరువాత మూత్రంతో కలిసి పోతుంది. బయటికి వచ్చేది ఏమీ ఉండదు, లేదా బహుస్వల్పం.

ఇక్కడ రెండు సంగతులు విడివిడిగా తెలుసుకోవాలి. పురుషాంగం స్తంభించడానికి కారణమైన నాడులు ముఖ్యంగా త్రికాస్థి భాగం నుంచి వచ్చేవి, అవి వేరు. కనుక ఈ ఉపద్రవం కలిగినవాడికి కోరిక పోదు, శక్తి పోదు, సాధారణంగా సుఖానుభూతీ పోదు. వృషణాలలో బీజోత్పత్తి కూడా జరుగుతూనే ఉంటుంది. పోయేది దారి మాత్రమే. అంటే మన భాషలో ఉన్న ఆ ఒక్క మాటా ఇతనికి వర్తించదు. రెండవది, మన ఊళ్ళలో జరిగే నడుము డిస్కు ఆపరేషన్లలో అత్యధికం వీపు వైపు నుంచి చేసేవే. వాటిలో ఈ అల్లిక జోలికి పోవడం ఉండదు. ఇది చదివి ఎవరూ తమకు అవసరమైన చికిత్స మానుకోవద్దు.

మాటకు అర్థం తెలిసింది. కాని అతని అసలు ప్రశ్న అది కాదు గదా. “ఎంతమందికి వస్తుందండీ?” అన్నది రెండవ ప్రశ్న. దానికి జవాబు వెదకబోతే ఒక పెద్ద కథ బయటపడింది. నేను వైద్యుడిని కాను. వైద్యపత్రికల సారాంశాలను పట్టుదలగా చదువగలిగినంత ఇంగ్లీషు మాత్రం ఉన్నది.

1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల వైద్యుడు ఒక వింత చూశాడు. సున్నపు పదార్థం తీసివేసిన ఎముక ముక్కను కండలో పెడితే, కండలోనే కొత్త ఎముక పుట్టింది. ఎముకను పుట్టించే ప్రోటీను ఏదో అందులో ఉన్నదని ఆయన ఊహ. కాలక్రమాన ఆ ప్రోటీన్లను గుర్తించారు, వాటిలో రెండవదాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. వెన్నుపూసలను అతికించడానికి రోగి తుంటి ఎముక నుంచి ముక్క కోసి తేవడం పాత పద్ధతి. ఆ కోత చాలాకాలం నొప్పి పెట్టేది. దానికి బదులు ఈ ప్రోటీనులో తడిపిన స్పాంజి పెడితే చాలుననుకున్నారు. మెడ్‌ట్రానిక్ అనే సంస్థ ‘ఇన్‌ఫ్యూజ్’ అన్న పేరుతో తెచ్చిన ఈ సాధనానికి 2002 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి సరిగ్గా మనం చెప్పుకుంటున్న చికిత్సకే, అంటే పొట్ట వైపు నుంచి నడుము పూసలను అతికించడానికే.

2003లో ‘స్పైన్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఈ విధమైన శస్త్రచికిత్స చేయించుకున్న 146 మంది పురుషులలో ఆరుగురికి వీర్యం వెనుకకు మళ్ళింది. అంటే సుమారు 4 శాతం. పొట్ట లోపలి పొరను చీల్చి వెళ్ళినవారు 30 మందిలో నలుగురికి, ఆ పొరను చీల్చక పక్కకు జరిపి వెళ్ళినవారు 116 మందిలో ఇద్దరికి. దారిని బట్టి ముప్పు మారుతుందని స్పష్టమైంది. ఇది ఎంతో ఉపయోగపడిన పాఠం. పొరను చీల్చకుండా వెళ్ళడం, అక్కడ విద్యుత్తుతో కాల్చే పరికరాన్ని వాడకుండా మెత్తగా జరపడం శస్త్రవైద్యులకు నియమాలైనవి.

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని యూజీన్ కరాగీ అనే వెన్నెముక వైద్యుడు మరొక ప్రశ్న వేశాడు. దారి మాత్రమేనా, ఆ ప్రోటీనుకు కూడా ఇందులో భాగమున్నదా? ఆయన బృందం లెక్క ఇది: ప్రోటీను వాడిన 69 మంది పురుషులలో ఐదుగురికి, అంటే 7.2 శాతం మందికి, ఈ ఉపద్రవం కలిగింది. వాడని 174 మందిలో ఒక్కరికి, అంటే 0.6 శాతానికి. బాధపడిన ఆరుగురిలో ముగ్గురికి ఏడాది తిరిగేసరికి అదంతట అదే సర్దుకుంది. మిగిలిన ముగ్గురికి లేదు.

అదే ఏడు జూన్‌లో కరాగీ సంపాదకత్వంలోని ‘ది స్పైన్ జర్నల్’ ఒక సంచికను దాదాపుగా ఈ ప్రోటీను చర్చకే కేటాయించింది. అందులోని సమీక్ష చెప్పిన మాట నివ్వెరపరచేది. సంస్థ ధనసహాయంతో వెలువడిన 13 తొలి పరిశోధనలలో ఈ ప్రోటీను పొందిన 780 మంది ఉన్నారు. ప్రోటీను వల్ల కీడు కలిగినట్టు వాటిలో ఒక్కటీ నమోదు కాలేదు. నియంత్రణ సంస్థ దగ్గరున్న పత్రాలతో, ఇతర వివరాలతో పోల్చి చూస్తే, అసలు ఉపద్రవాలు తొలుత చెప్పినవాటికి 10 నుంచి 50 రెట్లు ఉండవచ్చునని సమీక్ష అంచనా వేసింది. వీర్యం వెనుకకు మళ్ళడం ఆ ఉపద్రవాలలో ఒకటి. 2012 అక్టోబరులో అమెరికా సెనేట్ ఆర్థిక సంఘం నివేదిక ఇచ్చింది. ఆ పరిశోధనా వ్యాసాలు రాసిన వైద్యులకు 1996, 2010 సంవత్సరాల మధ్య సంస్థ నుంచి సుమారు 21 కోట్ల డాలర్లు ముట్టినట్టు, వ్యాసాల రచనలో సంస్థ ఉద్యోగుల హస్తం ఉన్నట్టు అందులో పేర్కొన్నది. తమ ప్రవర్తనలో తప్పు లేదని సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది.

రెండో పక్షం కూడా చెప్పడం ధర్మం. సంస్థ తన పరీక్షల వివరాలన్నిటినీ యేల్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. వాటిని రెండు స్వతంత్ర బృందాలు, ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయంలో ఒకటి, అమెరికాలోని ఒరెగన్‌లో ఒకటి, వేర్వేరుగా పరిశీలించి 2013 జూన్‌లో ఫలితాలు ప్రకటించాయి. పాత పద్ధతి కన్న ఈ ప్రోటీను గొప్పగా మేలు చేసినట్టు కనిపించలేదు. వీర్యం వెనుకకు మళ్ళే ముప్పు ప్రోటీను వాడినవారిలో కొంత ఎక్కువగా కనిపించినా, అది కాకతాళీయం కాదని గణితం నిర్ధారించేటంత తేడా కాదని ఒరెగన్ బృందం చెప్పింది. ముప్పు దారి వల్లనే గాని ప్రోటీను వల్ల కాదని వాదించే శస్త్రవైద్యులూ ఉన్నారు. కారణం మీద వివాదం ఉన్నది. ముప్పు ఉన్నదన్న దాని మీద మాత్రం ఎవరికీ వివాదం లేదు.

ఇప్పుడు నా కుర్రవాడి ప్రశ్నకు జవాబు. శస్త్రవైద్యుని చేతినీ, వెళ్ళే దారినీ బట్టి నూటికి ఒకటో రెండో నుంచి ఆరేడు వరకు. ఇది పెద్ద సంఖ్యా, చిన్న సంఖ్యా? ఈ చర్చలో అసలు మెలిక ఇదేనని నా భావన. ఇద్దరు పిల్లలు పుట్టి, ఇక చాలనుకున్న యాభై ఏళ్ళవాడికి ఇది లెక్కలోకి రాదు. పెళ్ళయి ఏడాదైన ముప్పై రెండేళ్ళవాడికి ఇది వంశం మాట. ఒకే సంఖ్యకు ఇద్దరి దగ్గర రెండు అర్థాలు. వ్యాకరణంలో ఒకే విభక్తి ప్రత్యయం సందర్భాన్ని బట్టి వేరు అర్థాలివ్వడం మనకు తెలిసినదే. సందర్భం అడుగకుండా అర్థం చెప్పేవాడు పండితుడు కాడు.

న్యాయస్థానాలు కూడా ఈ సంగతిని తాకినవి. 2008 జనవరిలో మన సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె అనుమతి లేకుండానే గర్భాశయమూ అండాశయాలూ తీసివేసిన ఉదంతమది. ఒక పనికి ఇచ్చిన అంగీకారం మరొక పనికి చెల్లదనీ, చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ముప్పులు రోగికి చెప్పాలనీ కోర్టు నిర్దేశించింది. అయితే ఎక్కడో అరుదుగా కలిగే ముప్పులన్నీ ఏకరువు పెట్టనక్కరలేదని కూడా అన్నది. ఏది అరుదు, ఏది గణనీయం? 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గొమరీ కేసులో ఒక కొలత ఇచ్చింది: ఎదుట ఉన్న ఆ రోగికి ఏది ముఖ్యమో అది చెప్పాలి. ఏది ముఖ్యమో తెలియాలంటే ముందు ఒక ప్రశ్న అడగాలి. “బాబూ, నీకు పిల్లలున్నారా? ఇంకా కావాలా?” ఎనిమిది సెకన్లు పట్టని ప్రశ్న. మామగారిని ఒక్క నిమిషం బయట కూర్చోమనడం కూడా అంత కష్టం కాదు.

అడిగి, చెప్పితే ప్రయోజనమేమిటంటారా? ప్రయోజనం చాలా ఉన్నది. ఈ ఉపద్రవానికి ముందే విరుగుడు ఉన్నది గనుక. వీర్యాన్ని గడ్డకట్టించి నిలువ చేసి దానితో గర్భం నిలపవచ్చునని 1953లోనే అమెరికాలోని అయోవాలో నిరూపించారు. నిలువ చేసే బ్యాంకులు మన నగరాలలో ఉన్నవి. 2021లో వచ్చిన చట్టం వాటిని నియంత్రిస్తున్నది. ఆపరేషనుకు ముందు ఒకటి రెండు సార్లు వెళ్ళి నమూనా ఇస్తే సరిపోతుంది. ఆపరేషను అయిపోయి ఉపద్రవం కలిగిన తరువాత కూడా దారులు మూసుకుపోవు. స్ఖలనం తరువాత మూత్రం పరీక్షిస్తే బీజకణాలు కనిపిస్తాయి, వ్యాధి తేలిపోతుంది. మూత్రాశయపు మెడ బిగిసేటట్టు చేసే మందులు కొందరికి పనిచేస్తాయి. లేదంటే, మూత్రపు పులుపు బీజానికి చేటు కనుక, దానిని ముందుగా తగ్గించి, ఆ మూత్రం నుంచే బీజకణాలను వేరు చేసి వాడతారు. ఒకే బీజకణాన్ని అండంలోకి ప్రవేశపెట్టే పద్ధతితో తొలి శిశువు 1992లో బెల్జియంలో పుట్టిన తరువాత, చాలా తక్కువ బీజంతోనూ సంతానం సాధ్యమైంది. ఖర్చూ శ్రమా ఉన్నవి. నిరాశ మాత్రం అక్కరలేదు.

కాని ఈ దారులన్నీ తెరుచుకొనేది జబ్బు పేరు తెలిసినప్పుడే. పేరు తెలియని ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించండి. పెళ్ళయి మూడేళ్ళు. పిల్లలు లేరు. కోడలిని ఆసుపత్రికి తీసుకువెళతారు. స్కానింగులు, సూదిమందులు, మొక్కులు, నాగప్రతిష్ఠలు. సంతానం లేని దంపతులలో సుమారు సగం మంది విషయంలో లోపం పురుషునిలోనో, ఇద్దరిలోనో ఉంటుందని వైద్యశాస్త్రం చెపుతున్నది. అయినా తేలికైన వీర్యపరీక్ష ఆఖరికి వస్తుంది, వస్తే. ఏ డాక్టరూ నడుము సంగతి అడగడు, ఏ భర్తా చెప్పడు. నడుముకూ దీనికీ సంబంధం ఉన్నదని అతనికి తోచదు. తోచినా, బయటికి ఏమీ రావడం లేదన్న సంగతి చెప్పుకోవడానికి అతని దగ్గర మాట లేదు. ఉన్న ఒక్క మాటా వేస్తే తాను నపుంసకుడైపోతాడు. కనుక మౌనం. ఆ మౌనం బరువు మోసేది గొడ్రాలు అనిపించుకున్న ఇల్లాలు. ఆవిడకు మాత్రం మాట సిద్ధంగా ఉన్నది.

నా కుర్రవాడు ఈ సంగతులన్నీ విన్నాడు. మర్నాడు భార్యను వెంటబెట్టుకొని, మామగారిని ఇంటిదగ్గర ఉంచి, శస్త్రవైద్యుడి దగ్గరకు వెళ్ళాడు. ఆయన కోపగించలేదు, ఓపికగా బొమ్మ గీసి చెప్పాడట. వీపు వైపు నుంచి చేస్తే ఇతని విషయంలో లాభనష్టాలేమిటో కూడా వివరించాడట. ఆలోచించుకొని ఇద్దరూ మొదటి పద్ధతికే ఒప్పుకున్నారు. నమూనా మాత్రం ముందే భద్రపరచుకున్నారు. ఉపద్రవం కలిగిందా లేదా అన్నది వారి సొంత సంగతి. నేను అడగలేదు. అడగవలసిన పనీ లేదు. తెలిసి సంతకం పెట్టారు. నాకు అంతే కావలసింది.

ఇక అతడు అడిగిన తెలుగు మాట. అలంకారశాస్త్రంలో ప్రతీపమని ఒకటి ఉన్నది. ఉపమానోపమేయాలు తిరగబడితే ప్రతీపాలంకారం. ఆ పోలికతో ప్రతీప స్ఖలనమనవచ్చును. వైద్యగ్రంథానికి అది చాలు. అంగీకారపత్రానికి చాలదు. సన్న అక్షరాల ఇంగ్లీషు స్థానంలో సన్న అక్షరాల సంస్కృతం వచ్చి కూర్చుంటే రోగికి ఒరిగేదేమీ లేదు. అక్కడ కావలసింది సమాసం కాదు, ఐదు వాక్యాలు. ఇట్లా ఉండవచ్చును:

“ఈ ఆపరేషను వల్ల సాధారణంగా మీ మగతనానికి లోటు రాదు. అయితే కొందరిలో ఆ తరువాత వీర్యం బయటికి రాక మూత్రాశయంలోకి పోతుంది, కొందరికి అది సర్దుకోకపోవచ్చును. అప్పుడు పిల్లలు కలగడానికి చికిత్స అవసరమవుతుంది. మీకు ఇంకా పిల్లలు కావాలనుకుంటే సంతకానికి ముందే మాతో చెప్పండి. వీర్యాన్ని ముందుగా నిలువ చేసుకొనే వీలున్నది.”

ఇంతకన్న తేటగా చెప్పగలవారు మీలో ఎందరో ఉన్నారు. తోచినది రాయండి. మీ ఎరుకలో డాక్టర్లుంటే వారికి ఈ ఐదు వాక్యాలూ చేర్చండి, పెద్ద అక్షరాలలో.